కంచరగాడిదకు వదలిన నిర్ణయం

1522వ సంవత్సరం. స్పెయిను దేశంలో మోన్సెరాట్ కొండ మీది మరియమాత పుణ్యక్షేత్రానికి ఒక మాజీ సైనికుడు కంచరగాడిద మీద ప్రయాణం చేస్తున్నాడు. దారిలో మరో మతానికి చెందిన ప్రయాణికుడు కలిశాడు. ఇద్దరికీ మరియతల్లి కన్యత్వం గురించి వాదన జరిగింది. ఆ మనిషి తన అభిప్రాయం చెప్పి ముందుకు సాగిపోయాడు. ఈయనకు మాత్రం కోపం చల్లారలేదు. ‘మా తల్లి గౌరవానికి భంగం కలిగించిన వాణ్ణి ఊరికే వదిలిపెట్టానే! వెంటపడి కత్తితో పొడవాలా, వద్దా?’ అని మథనపడ్డాడు. ఎంత ఆలోచించినా తేలలేదు. చివరకు విసిగిపోయి కళ్ళెం వదిలేశాడు. దారి చీలే చోట కంచరగాడిద ఆ మనిషి వెళ్ళిన ఊరి దారి పట్టితే పొడవడం, రహదారి మీదనే పోతే వదిలేయడం అనుకున్నాడు. ఊరి దారి వెడల్పుగా, చక్కగా ఉన్నా, దేవుని దయవల్ల ఆ మూగజీవం రహదారినే పట్టింది.

ఆ సైనికుడే తరువాతి కాలంలో యేసుసభను స్థాపించిన పునీత లొయోలా ఇన్యాసివారు. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల పేరులో మనం వినేది ఆయన పుట్టిన చోటునే. మంచి నిర్ణయం ఎలా చేయాలో శ్రీసభకు నేర్పిన గొప్ప గురువులలో ఆయన ఒకరు. అలాంటి మనిషి ఒకనాడు తన నిర్ణయాన్ని కంచరగాడిదకు వదిలేశాడంటే ఆశ్చర్యం కలుగుతుంది. ఈ సంగతిని ఆయన దాచుకోలేదు. ముసలితనంలో తన జీవితకథ చెప్పినప్పుడు దీన్ని కూడా చెప్పి రాయించారు.

మన కంచరగాడిదలు

ప్రియ పాఠకులారా, ఈ కథ విని నవ్వుకునే ముందు మన ఇళ్ళలోకి ఒకసారి తొంగిచూద్దాం. మనం మాత్రం కళ్ళెం ఎన్నిసార్లు వదిలేయడం లేదు? ఆదివారం దివ్యబలి పూజలో పాల్గొని, సోమవారం చాటుగా పంచాంగం చూపించుకునే వాళ్ళున్నారు. పిల్లి ఎదురొచ్చిందని బయలుదేరిన పని మానుకునే వాళ్ళున్నారు. కళ్ళు మూసుకుని పరిశుద్ధ గ్రంథం తెరిచి, వేలు పడిన వాక్యమే దేవుని జవాబు అనుకునే వాళ్ళున్నారు. అన్నిటికన్నా పెద్ద కంచరగాడిద మరొకటి ఉంది. దాని పేరు ‘నలుగురూ ఏమంటారో’.

జాతకాలు, జ్యోతిష్యం, హస్తసాముద్రికం, శకునాలు నమ్మడాన్ని శ్రీసభ స్పష్టంగా తోసిపుచ్చింది. కతోలిక శ్రీసభ సత్యోపదేశం 2116వ సంఖ్య చదివితే ఆ విషయం తెలుస్తుంది. అయితే, తప్పని చెప్పినంత మాత్రాన మనిషి మారడు. ఎందుకు చేస్తున్నాడో చూడాలి. చాలాసార్లు ఇది మూఢనమ్మకం కన్నా భయం వల్లనే జరుగుతుంది. ‘నేను నిర్ణయం చేస్తే, అది బెడిసికొడితే, తప్పు నా మీదకు వస్తుంది’ అనే భయం అది. ఆ బరువును ఎవరి నెత్తినైనా పెట్టాలని చూస్తాం. కొన్నిసార్లు దేవుని నెత్తిన కూడా పెడతాం.

ఒక కుటుంబం

ఇలాంటి కుటుంబాలు ప్రతి విచారణలోను ఉంటాయి. ఉదాహరణకు ఒక తల్లిని మనసులో ఊహించుకుందాం. భర్త చనిపోయి రెండేళ్ళయింది. ఆయన ఉన్నంత కాలం ఎరువుల బస్తా మొదలు పెళ్ళి కానుక దాకా అన్నీ ఆయనే చూసుకునేవాడు. ఇప్పుడు పెద్దమ్మాయి ఇంటర్మీడియట్ బైపీసీ పాసైంది. బీయస్సీ నర్సింగు చదువుతానంటోంది. నాలుగేళ్ళ చదువు. ఇంట్లో ఉన్న ఆస్తి యాభై సెంట్ల పొలం. అమ్మితే ఫీజు కట్టవచ్చు. అమ్మకపోతే కౌలు డబ్బు వస్తుంది, రెండో పిల్లవాడికి ఏదో ఒక ఆధారం ఉంటుంది.

ఆమె బావగారిని అడిగింది. ‘అమ్మేయమ్మా, బయటివాళ్ళకెందుకు, నేనే తీసుకుంటాను’ అన్నాడాయన. అన్నయ్యను అడిగితే, ‘ఆడపిల్లకు అంత చదువెందుకు, సంబంధం చూస్తాను’ అన్నాడు. ప్రార్థన కూటమిలోని స్నేహితురాలు, ‘నాకు దర్శనంలో నీళ్ళు కనిపించాయి, ఈ ఏడాది ఏమీ చేయవద్దు’ అంది. విచారణ గురువుల దగ్గరకు వెళితే, వారు ఓపికగా విని, ‘నీకేమనిపిస్తోందమ్మా?’ అని అడిగారు. ఆమెకు ఏడుపొచ్చింది. ఆ ప్రశ్న అంతవరకూ ఆమెనెవరూ అడగలేదు. ఏమనిపిస్తోందో ఆమెకే తెలియదు. ఇంత మందిని అడిగిన తరువాత భయం తగ్గలేదు సరికదా, రెట్టింపైంది. కళాశాలలో చేరడానికి గడువు మాత్రం దగ్గరపడుతోంది.

సలహా వేరు, నిర్ణయం వేరు

సలహా అడగడం తప్పా? కాదు. మంచివారి సలహా వెతుక్కోమని తోబీతు తన కుమారునికి బోధించాడు. అయితే, సీరా జ్ఞానగ్రంథం 37వ అధ్యాయం ఈ విషయంలో మన కళ్ళు తెరిపిస్తుంది. సలహాదారుల్లో తమ లాభం కోసం చెప్పేవారు ఉంటారని, ముందు వారికేం కావాలో తెలుసుకోమని ఆ జ్ఞాని హెచ్చరిస్తాడు. యుద్ధం గురించి పిరికివాణ్ణి, అమ్మకం గురించి కొనేవాణ్ణి సలహా అడగవద్దంటాడు. మన ఉదాహరణలోని బావగారు చెడ్డవాడు కానక్కర్లేదు. కాని, పొలం కొనదలచినవాడు పొలం అమ్మకం గురించి సలహా చెప్పడానికి తగిన మనిషి కాడు.

ఆ అధ్యాయం అంతటితో ఆగదు. దైవభీతి గలవానితో ఆలోచించు అంటుంది. తరువాత నీ హృదయం చెప్పే మాటను నిలబెట్టుకో అంటుంది. ఎత్తయిన బురుజు మీద కూర్చున్న ఏడుగురు కావలివారి కన్నా మనిషి మనసు కొన్నిసార్లు ఎక్కువ చెబుతుందంటుంది. వీటన్నిటికీ మించి, సరైన దారి చూపమని మహోన్నతుణ్ణి ప్రార్థించమంటుంది. మంచివారి సలహా, సొంత హృదయం, ప్రార్థన ఈ మూడూ కలిసే ఉండాలి. ఒకటి ఉంది కదా అని మరొకటి వదలకూడదు.

‘మన తెలివిని నమ్ముకోవద్దని సామెతల గ్రంథం మూడో అధ్యాయం చెబుతోంది కదా, మరి సొంత నిర్ణయం మీద నమ్మకం ఎలా పెంచుకోవాలి?’ అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఆ గ్రంథం వద్దన్నది దేవుణ్ణి పక్కనబెట్టిన తెలివిని. దేవుడిచ్చిన తెలివిని వాడవద్దనలేదు. మత్తయి సువార్త 25వ అధ్యాయంలో తలాంతును భూమిలో పాతిపెట్టిన సేవకుణ్ణి చూడండి. అతడు యజమాని సొమ్ము దొంగిలించలేదు, పాడుచేయలేదు. భయపడ్డాడు, అంతే. ఆ భయానికే యజమాని అతణ్ణి గద్దించాడు. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కవేసుకోడా అని లూకా సువార్త 14వ అధ్యాయంలో ప్రభువే అడిగాడు. లెక్కవేసుకోవడం అవిశ్వాసం కాదు.

అపోస్తలుల కార్యములలో ఒక విశేషం గమనించదగ్గది. మొదటి అధ్యాయంలో యూదా స్థానానికి మత్తీయను ఎన్నుకోవడానికి శిష్యులు చీట్లు వేశారు. పవిత్రాత్మ దిగివచ్చిన తరువాత వాళ్ళు చీట్లు వేసినట్టు ఆ గ్రంథంలో మరెక్కడా కనిపించదు. 15వ అధ్యాయంలో, అన్యులు సున్నతి పొందాలా వద్దా అనే పెద్ద సమస్య వచ్చినప్పుడు, యెరూషలేములో కూర్చుని వాదించుకున్నారు, అనుభవాలు విన్నారు, లేఖనాలతో సరిచూసుకున్నారు, నిర్ణయం చేశారు. అది పవిత్రాత్మ నిర్ణయం, తమ నిర్ణయం కూడా అని ధైర్యంగా ఉత్తరం రాశారు. జ్ఞానస్నానంలోను, భద్రమైన అభ్యంగనంలోను మనం పొందింది ఆ ఆత్మనే.

పడక మీద నేర్చిన పాఠం

ఇన్యాసివారు ఈ విద్య ఎలా నేర్చుకున్నారు? 1521 మే 20న పాంప్లోనా కోట యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. లొయోలాలోని సొంత ఇంట్లో నెలల తరబడి మంచం పట్టారు. కాలక్షేపానికి వీరుల కథలు అడిగితే అవి ఇంట్లో లేవు. క్రీస్తు జీవిత చరిత్ర, పునీతుల చరిత్రలు ఇచ్చారు. చదువుతూ, మధ్యలో పగటికలలు కనేవారు. కొన్ని గంటలు ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం చేయబోయే సాహసాలు ఊహించుకునేవారు. మరికొన్ని గంటలు పునీత ఫ్రాన్సిసు, పునీత దోమినిక్ గార్ల వలె జీవించాలని ఊహించుకునేవారు. ఊహిస్తున్నంత సేపూ రెండూ తియ్యగానే ఉండేవి. తరువాతే తేడా తెలిసింది. మొదటి ఊహ తీరాక మనసు ఎండిపోయేది. రెండోది తీరాక కూడా సంతోషం నిలిచి ఉండేది. ఏ ఆలోచన దేవుని వైపు నడిపిస్తుందో, ఏది నడిపించదో ఆ తేడాలోనే ఆయనకు కనబడింది.

ఈ పాఠం నేర్చుకున్న తరువాతి ఏడాదే కంచరగాడిద సంగతి జరిగింది. ఒక్క రోజులో ఎవరికీ వివేకం పండదని దీనివల్ల తెలుస్తుంది. తరువాత మన్రేసాలో గడిపిన ప్రార్థన జీవితంలోను, ఆ పైన సంవత్సరాలలోను నేర్చుకున్నదంతా ‘ఆధ్యాత్మిక సాధనలు’ అనే చిన్న పుస్తకమైంది. 1548లో మూడవ పౌలు పాపుగారు దాన్ని ఆమోదించారు. నిర్ణయాలకు అందులో చూపిన దారిని మన తల్లి సమస్యకు వర్తింపజేసి చూద్దాం.

నిర్ణయానికి మెట్లు

మొదటిది: ప్రశ్నను సరిగా పెట్టుకోవాలి. ‘ఏం చేయాలో తోచడం లేదు’ అన్నది ప్రశ్న కాదు. ‘పొలం అమ్మి అమ్మాయిని నర్సింగులో చేర్చడమా, పొలం ఉంచుకుని దగ్గరలో డిగ్రీ చదివించడమా’ అన్నది ప్రశ్న. పాపమైన దానికి ఇక్కడ చోటు లేదు. వివాహం, గురుత్వం వంటి జీవితాంతపు కట్టుబాట్లను తిరగదోడడానికి కూడా ఇది పద్ధతి కాదు.

రెండవది: త్రాసు ముల్లులా మధ్యలో నిలబడాలి. ముందే ఒక వైపు మొగ్గి, దేవుడి చేత సంతకం పెట్టించుకోవాలని చూడకూడదు. ‘ప్రభూ, నీకు ఏది ఇష్టమో అదే నాకు కావాలి’ అని నిజంగా అనగలిగే దాకా ప్రార్థించాలి. ఇది కష్టమైన మెట్టు. తొందరపడకూడదు.

మూడవది: వివరాలు సేకరించాలి. ఫీజు ఎంత, హాస్టలు ఎంత, బ్యాంకులో విద్యారుణం దొరుకుతుందా, ప్రభుత్వ సాయం వర్తిస్తుందా, పొలం ధర ఊళ్ళో ఎంత నడుస్తోంది? ఇవి కనుక్కోకుండా ప్రార్థన మాత్రమే చేయడం భక్తి అనిపించుకోదు. ముఖ్యంగా అమ్మాయిని కూర్చోబెట్టి అడగాలి. ఆమె జీవితం గురించి ఊరంతా మాట్లాడింది గాని, ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

నాలుగవది: కాగితం మీద రాసుకోవాలి. అమ్మితే వచ్చే మేలు, అమ్మితే వచ్చే నష్టం, అమ్మకపోతే మేలు, అమ్మకపోతే నష్టం అని నాలుగు వరుసలు. మనసులో తిరుగుతున్నప్పుడు వంద భయాలుగా కనిపించినవి కాగితం మీదకు వచ్చేసరికి ఏడో ఎనిమిదో అవుతాయి. వాటిని లెక్కపెట్టడం కాదు, బరువు చూడాలి. మన తల్లి రాసిన నష్టాల్లో ‘బావగారికి కోపం వస్తుంది’ అన్నది ఒకటి ఉందనుకుందాం. అది నిజమైన నష్టమే. కాని, బిడ్డ భవిష్యత్తుతో తూచితే ఎంత?

ఐదవది: అప్పటికీ తేలకపోతే మూడు ఊహలు చేసుకోమంటారు ఇన్యాసివారు. ఎన్నడూ చూడని మనిషి ఇదే సమస్యతో వస్తే ఏమని చెబుతాం? మరణశయ్య మీద ఉన్నప్పుడు ఏ నిర్ణయం చేసి ఉంటే బాగుండేదనుకుంటాం? తీర్పు దినాన ప్రభువు ఎదుట నిలబడినప్పుడు ఏది చేశానని చెప్పగలం? మొదటి ఊహ దగ్గరే మన తల్లికి జవాబు దొరికింది. పక్క విచారణ నుంచి తనలాంటి ఒక విధవరాలు వస్తే, ‘చదివించమ్మా, పొలం మళ్ళీ కొనుక్కోవచ్చు, వయసు తిరిగి రాదు’ అని తడుముకోకుండా చెప్పేది. మరి అదే మాట తనకు తాను ఎందుకు చెప్పుకోలేకపోయింది? తన మాటకు విలువ ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అందుకు.

ఆరవది: చేసిన నిర్ణయాన్ని దేవునికి సమర్పించి, మనసులో శాంతి నిలుస్తుందో లేదో కొన్నాళ్ళు గమనించాలి. అంటే ఎంత కాలం? దీనికీ హద్దు ఉండాలి. 1544 ఫిబ్రవరి 2 నుంచి ఇన్యాసివారు తమ సభ దేవాలయాలకు స్థిరమైన ఆదాయం ఉండవచ్చా లేదా అనే విషయం గురించి నలభై రోజులు ప్రార్థించారు. నిర్ణయం తేలిన తరువాత కూడా ఇంకా ఓదార్పు, ఇంకా నిశ్చయం కావాలని వెతికారు. చివరకు మార్చి 12న, ఇంకా కావాలనడం తన సొంత ఇష్టమే తప్ప దేవుని చిత్తం కాదని గ్రహించి, అక్కడికి ఆపేశారు. సూచన మీద సూచన అడగడం విశ్వాసంలా కనిపించే అవిశ్వాసం కావచ్చు.

నిర్ణయం తరువాత

పునీత తోమాసు అక్వినాసువారు వివేకం అనే పుణ్యంలో మూడు పనులున్నాయన్నారు: ఆలోచించడం, తీర్పు చేసుకోవడం, అమలుకు పూనుకోవడం. వీటిలో మూడవదే ప్రధానమన్నారు. ఏది మంచిదో తెలిసి కూడా ‘చూద్దాంలే’ అని కూర్చున్న మనిషికి తెలివి ఉండవచ్చు గాని, వివేకం లేదు.

మన తల్లి ధర విచారించి పొలం అమ్మింది. బావగారు కొన్నాళ్ళు ఇంటికి రావడం మానేశారు. అమ్మాయి హాస్టలుకు వెళ్ళిన నెలకే ఫోనులో ఏడ్చింది, ‘వచ్చేస్తానమ్మా’ అంది. ఆ రాత్రి తల్లికి నిద్ర పట్టలేదు. ‘తప్పు చేశాను, నాకెందుకొచ్చిన నిర్ణయాలు’ అనుకుంది. ఇలాంటి రాత్రి కోసమే ఇన్యాసివారు ఒక నియమం రాసిపెట్టారు. మనసు చీకటిగా, నిరుత్సాహంగా ఉన్నప్పుడు, వెలుగులో చేసిన నిర్ణయాన్ని మార్చకూడదు. ఆ సమయంలో ప్రార్థన పెంచాలి, ఓపిక పట్టాలి. మార్చవలసిందే అయితే, మనసు కుదుటపడ్డాక మళ్ళీ కూర్చుని ఆలోచించాలి. తుఫానులో నాటు వేయడానికి ఏ రైతూ పొలంలోకి దిగడు.

అయితే, ప్రార్థించి చేసిన నిర్ణయాలన్నీ అనుకున్నట్టే ఫలిస్తాయా? ఫలించవు. 1523లో ఇన్యాసివారు పవిత్ర భూమిలోనే జీవితాంతం ఉండిపోవాలని నిశ్చయించుకుని యెరూషలేము చేరారు. అక్కడి ఫ్రాన్సిస్కను పెద్దలు ఉండడానికి వీల్లేదన్నారు. విధేయతతో తిరిగివచ్చారు. ముప్పై ఏళ్ళు దాటిన వయసులో, బార్సిలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లతీను నేర్చుకున్నారు. ఆ చదువే పారిసుకు తీసుకుపోయింది. అక్కడి స్నేహితులతో కలిసి 1534లో మళ్ళీ యెరూషలేము వెళ్ళాలని మొక్కుకున్నారు. యుద్ధం వల్ల ఓడలు కదలలేదు. అప్పుడు అందరూ పాపుగారి పాదాల చెంతకు వెళ్ళారు. 1540లో యేసుసభకు ఆమోదం లభించింది. ఆ రెండు నిర్ణయాలూ నెరవేరలేదు. అయినా వృథా కాలేదు. కదిలే మనిషిని దేవుడు మలుపు తిప్పగలడు. మంచి మనసుతో చేసిన నిర్ణయం ఫలించకపోతే, దాన్ని పాపంగా భావించి కుంగిపోకూడదు. ఫలితం దేవుని చేతిలోనిది. మనం లెక్క చెప్పవలసింది మన చిత్తశుద్ధికి.

పిల్లలకు నేర్పేదెలా?

ఈ నమ్మకం పెద్దయ్యాక ఒక్కసారిగా రాదు. చొక్కా రంగు మొదలు ఇంటర్ గ్రూపు దాకా, పెళ్ళి దాకా, అన్నీ మనమే నిర్ణయించి, ఇరవై అయిదేళ్ళకు ‘వీడికి సొంత బుద్ధి లేదు’ అంటే ఎలా? వయసుకు తగిన చిన్న నిర్ణయాలు వాళ్ళకు వదలాలి. పొరపాటు చేస్తే ‘నేను చెప్పలేదా?’ అని ఎత్తిపొడవకుండా, ‘దీనివల్ల ఏం తెలుసుకున్నావు?’ అని అడగాలి. అంతరాత్మను తీర్చిదిద్దడమే శ్రీసభ పని గాని, దాని స్థానంలో తాను కూర్చోవడం కాదని పోపు ఫ్రాన్సిసుగారు 2016లో కుటుంబ ప్రేమ గురించి రాసిన లేఖలో గుర్తుచేశారు. ఆ మాట గురువులకు, మఠకన్యలకు, తల్లిదండ్రులకు, అత్తమామలకు అందరికీ వర్తిస్తుంది.

గబ్రియేలు దూత వచ్చినప్పుడు మరియతల్లి ఏం చేసిందో ధ్యానించండి. కలవరపడింది, ఆలోచించింది, ‘ఇది ఎలా?’ అని అడిగింది, విన్నది, ఆ తరువాత తన నోటితోనే అంగీకరించింది. ఊరివాళ్ళు ఏమంటారో ఆమెకు తెలియక కాదు. లోకరక్షణ కోసం దేవుడే ఒక పల్లెటూరి కన్య నిర్ణయం కోసం వేచి ఉన్నాడు. ఆ దేవుడు మన నిర్ణయాలను కూడా గౌరవిస్తాడు. కళ్ళెం మన చేతికి ఇచ్చింది ఆయనే. పట్టుకుందాం.

కుటుంబ ప్రార్థన తరువాత మాట్లాడుకోవడానికి

1. ఈ సంవత్సరం మన ఇంట్లో చేసిన పెద్ద నిర్ణయం ఏది? అందులో ఎవరి మాట వినలేదు?

2. భయం వల్ల వాయిదా వేస్తున్న నిర్ణయం ఏదైనా ఉందా? దానికి నాలుగు వరుసల కాగితం రాయగలమా?

3. మన పిల్లలకు ఈ నెలలో ఏ ఒక్క నిర్ణయం పూర్తిగా వదిలిపెట్టగలం?

ప్రార్థన

పవిత్రాత్మ సర్వేశ్వరా, మంచి ఆలోచన అనే వరాన్ని మాకు దయచేయండి. వినవలసిన మాట వినే చెవిని, వదలవలసిన భయాన్ని వదిలే బలాన్ని ఇవ్వండి. మేము చేసిన నిర్ణయాలలో మంచిని స్థిరపరచండి, పొరపాటును సరిదిద్దండి. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవి ఆలకించండి. ఆమెన్.